విప్పినదాన్ని మళ్ళీ బిగించగలమా?

టెక్సస్ రాష్ట్రం ప్లేనోలో టొయోటా వారి ఉత్తర అమెరికా ప్రధాన కార్యాలయం ఉంది. ఆ చుట్టుపక్కల తెలుగువాళ్ళ ఇళ్ళూ చాలానే ఉన్నాయి. అలాంటి ఒక ఇంటి గరాజులోకి 1986 నాటి టొయోటా కరోలా ఎస్‌ఆర్5 వచ్చి చేరింది. కార్ల మీద మక్కువ ఉన్నవాళ్ళు ఏఈ86 అని పిలుచుకునే బండి అది. ఇంజిన్ పట్టేసి ఏళ్ళ తరబడి ఎవరి పెరట్లోనో పడి ఉన్నదాన్ని కొని తెచ్చింది ఒక అమ్మాయి, వృత్తిరీత్యా మెకానికల్ ఇంజినీరు. దాంట్లో హోండా కే24 ఇంజిన్ ఎక్కించాలని ఆమె పట్టుదల. ఆమె బాబాయి విజయవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకుని, అమెరికాలో సస్పెన్షన్ ఇంజినీరుగా పనిచేసి రిటైరైన మనిషి. పాత జపాన్ కార్లు తయారైనప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉండాలని ఆయన వాదం. గ్రైండర్ చేతపట్టక ముందే ఈ సంగతి తేల్చుకుందామని ఇద్దరూ కూర్చున్నారు.

బాబాయి: అమ్మాయ్, ముందే సూటిగా చెబుతున్నా. ఈ బండిలో కే24 పెట్టడం నాకు ఇష్టం లేదు. టొయోటాలో హోండా ఏమిటన్న పట్టింపు కాదు నాది. ఈ కారు ఒక లెక్క ప్రకారం పుట్టింది. బరువు టన్నుకు అటూ ఇటూ. ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్లు, వెనక నాలుగు లింకులు పట్టుకున్న గట్టి ఇరుసు, 1587 సీసీ ఇంజిన్. టైరు ఎంత పట్టు ఇవ్వగలదో ఇంజిన్ అంతే అడుగుతుంది. కెయిచి సుచియా లాంటి రేసర్ పేరు చెప్పగానే ఈ కారు గుర్తొచ్చేది దాని బలం వల్ల కాదు, ఆ పొందిక వల్ల. నువ్వు ఆ లెక్క చెడగొడతానంటున్నావు.

అమ్మాయి: బాబాయ్, మీరు చెప్పే పొందిక 4ఏ-జీఈ ఇంజిన్ ఉన్న జీటీ-ఎస్‌ది. అమెరికాలో దానికి 112 హార్స్‌పవర్ ఉండేది, వెనక డిస్క్ బ్రేకులు ఉండేవి. నాది ఎస్‌ఆర్5. కార్బ్యురేటర్ మీద నడిచే 4ఏ-సీ, 70 పైచిలుకు హార్స్‌పవర్, వెనక డ్రమ్ములు. అది కూడా పట్టేసింది. నేను చెడగొట్టడానికి ఇందులో పొందిక ఎక్కడుంది? నేను తేకపోతే తుక్కు కొట్టుకు పోయేది.

బాబాయి: పట్టేసిన ఇంజిన్‌ను బోరు చేయించవచ్చు. లేదా అదే కుటుంబంలోని 4ఏ-జీఈ పెట్టు. టొయోటానే ఆ రెంటినీ ఒకే బాడీలో అమ్మింది. ఇంకా బలం కావాలంటే 1995లో వచ్చిన 20 వాల్వుల 4ఏ-జీఈ ఉంది, 165 పీఎస్. అదే 1587 సీసీ, అదే వంశం. సొంత ఇంట్లో ఉండగా పరాయి ఇంటికి ఎందుకు?

అమ్మాయి: ఆ 20 వాల్వుల ఇంజిన్‌ను టొయోటా ముందు చక్రాలతో నడిచే కార్ల కోసం అడ్డంగా అమర్చింది. దాన్ని నిలువుగా తిప్పి మన బండిలో పెడితే డిస్ట్రిబ్యూటర్ వెనక ఫైర్‌వాల్‌కు తగులుతుంది. కొందరు ఆ ఫైర్‌వాల్‌నే సుత్తితో కొట్టి లోపలికి వంచారు. నీళ్ళ పైపులూ మార్చాలి, ఇంజిన్ కింది ఆయిల్ చాంబరూ మార్చాలి. పేరు సొంతదైనంత మాత్రాన పని తగ్గదు బాబాయ్. పైగా మంచి 4ఏ-జీఈ ఇప్పుడు దొరకడమే కష్టం, దొరికినా ఖరీదు. కే24 మాత్రం పాత అకార్డుల్లో, అక్యూరా టీఎస్ఎక్స్‌ల్లో ప్రతి తుక్కు యార్డులోనూ ఉంది. 2354 సీసీ, టీఎస్ఎక్స్‌లో 200 హార్స్‌పవర్. బ్లాకు అల్యూమినియంది; 4ఏ బ్లాకు పోత ఇనుము. ఇంజిన్ పెద్దదైనా ముందు చక్రాల మీద బరువు పెద్దగా పెరగదు.

బాబాయి: ఎత్తు సంగతి చెప్పలేదు. కే24 బ్లాకు కే20 కంటే దాదాపు 20 మిల్లీమీటర్లు ఎత్తు. బానెట్ మూయాలంటే ఇంజిన్‌ను కిందికి దించాలి. దించితే చాంబర్ క్రాస్‌మెంబర్‌కు తగులుతుంది. అప్పుడేం చేస్తావు, క్రాస్‌మెంబర్ కోస్తావా? అక్కడే స్టీరింగ్ ర్యాక్ ఉంటుంది, లోయర్ ఆర్మ్‌లు బిగిసేదీ అక్కడే. కారు తిన్నగా పోవడం ఆ ఇనప దిమ్మె మీదే ఆధారపడి ఉంది.

అమ్మాయి: కోయను. చాంబర్ మారుస్తాను. హోండా కే ఇంజిన్‌ను వెనక చక్రాల బండిలో నిలువుగా పెట్టడానికి వేరే ఆకారంలో చాంబర్లు తయారు చేస్తున్నారు. ఇంకో సౌకర్యం ఉంది. హోండా పాత బీ సిరీస్ ఇంజిన్లు మిగతా ప్రపంచానికి ఎదురు దిశలో తిరిగేవి. వాటిని వెనక చక్రాల గేర్‌బాక్స్‌కు తగిలించడం తలనొప్పి. కే సిరీస్ అందరిలాగే తిరుగుతుంది. మధ్యలో ఒక అడాప్టర్ ప్లేటు, తగిన ఫ్లైవీల్, క్లచ్ ఉంటే చాలు.

బాబాయి: "ఉంటే చాలు" అన్న మాట దగ్గరే నాకు భయం. నేను కుర్రాడిగా ఉన్నప్పుడు పెట్రోల్ జీపుల్లోకి డీజిల్ ఇంజిన్లు ఎక్కించేవాళ్ళు. పెట్రోల్ ఖర్చు భరించలేక చేయించుకున్న పని అది, తప్పు పట్టను. కానీ ఆ డీజిల్ అదురుకు మౌంటింగులు తెగేవి, ఛాసిస్‌కు పగుళ్ళు వచ్చేవి. ఇంజిన్ స్టార్టయిన రోజు అందరూ కొబ్బరికాయ కొట్టి సంబరపడేవారు. పగుళ్ళు ఆ తర్వాతెప్పుడో బయటపడేవి. ఇంజిన్ ఎక్కించడం సులువు. అది పుట్టించిన ప్రతి బలం ఎక్కడికి పోతోందో వెంబడించడం కష్టం.

అమ్మాయి: వెంబడించి చూశాను, వినండి. కే24 టార్క్ 4ఏ-సీ కంటే దాదాపు రెట్టింపు. మొదటి గేరు దాన్ని మూడున్నర రెట్లు చేస్తుంది, డిఫరెన్షియల్ మరో నాలుగు రెట్లు. ఆ బలమంతా వెనక ఇరుసు మీద పడుతుంది. ఎస్‌ఆర్5 ఇరుసు జీటీ-ఎస్ ఇరుసు కంటే చిన్నది. కాబట్టి దాన్ని మార్చేస్తాను. గేర్‌బాక్స్ అవుట్‌పుట్ షాఫ్టూ, డిఫరెన్షియల్ పినియనూ సమాంతరంగా ఉండాలి. లేకపోతే ప్రొపెల్లర్ షాఫ్ట్ వేగం పెరిగేకొద్దీ వణుకుతుంది. కొత్త షాఫ్ట్ పొడవు కొలిచే ముందే ఆ కోణాలు కుదురుస్తాను.

బాబాయి: గేర్ రాడ్డు ఎక్కడికి వస్తుంది?

అమ్మాయి: అది ఇంకా తేల్చుకోలేదు. పాత చోటికి రాకపోతే టన్నెల్ కొంచెం కోసి...

బాబాయి: చూశావా! నా వాదమంతా ఇక్కడే ఉంది. ఇంజిన్ దించి మళ్ళీ ఎక్కించవచ్చు. వైరింగ్ విప్పి మళ్ళీ కట్టవచ్చు. ఒకసారి కోసిన రేకు మళ్ళీ పుట్టినట్టు కాదు. ఈ బాడీ ప్రెస్సులు 1987తో ఆగిపోయాయి. డ్రిఫ్టింగ్ మోజులో ఎన్ని 86లను కోశారో, ఎన్నింటిని గోడలకు కొట్టారో. మిగిలిన వాటిలో చెయ్యి పడనివి వెతుక్కోవాల్సి వస్తోంది. వీటిని గీసిన ఇంజినీర్ల ఆలోచన కాగితాల మీద కంటే ఈ రేకులోనే ఎక్కువ మిగిలి ఉంది. ఆ లింకు అక్కడే ఎందుకు పెట్టారు, ఆ వెల్డింగ్ చుక్క అక్కడే ఎందుకు వేశారు అన్నది రేపు ఎవరైనా తెలుసుకోవాలంటే చూసేందుకు ఒక బండి ఉండాలి కదా.

అమ్మాయి: మీ బాధ అర్థమైంది బాబాయ్. కానీ తయారైనట్టే ఉంచడం జపాన్ కార్ల సంప్రదాయం అని మాత్రం ఒప్పుకోను. స్కైలైన్ పేరు ఎలా మోగింది? 1964లో ప్రిన్స్ కంపెనీ సుజుకాలో జరిగే రెండో జపాన్ గ్రాండ్‌ప్రి కోసం ఏం చేసింది? నాలుగు సిలిండర్ల స్కైలైన్ 1500 ముందు భాగాన్ని 200 మిల్లీమీటర్లు సాగదీసి, గ్లోరియా కారులోని ఆరు సిలిండర్ల ఇంజిన్ దాంట్లో పెట్టింది. ఆ బండి ఒక ల్యాప్‌లో పోర్షే 904ను దాటి ముందుకు వచ్చింది. గెలిచింది పోర్షేనే. అయినా జనం ఇప్పటికీ చెప్పుకునేది ఆ ల్యాప్ గురించే. జీటీ-ఆర్ వంశానికి మూలం ఒక ఇంజిన్ స్వాప్!

బాబాయి: ఆ ఉదాహరణ నాకే పనికొస్తుంది. ప్రిన్స్ వాళ్ళు ఇంజిన్‌ను ఇరికించలేదు. వీల్‌బేసే పెంచారు. పని చేసినవాళ్ళు ఆ కారును గీసినవాళ్ళే; ప్రతి కొలతా వాళ్ళ దగ్గర ఉంది. రేసు నిబంధన కోసం 100 బండ్లు కట్టారు. తయారీదారు తన కారును తిరగరాసుకోవడం వేరు, మనం గరాజులో దాని మీద చెయ్యి చేసుకోవడం వేరు.

అమ్మాయి: తేడా మనిషి హోదాలో లేదు, లెక్కలో ఉంది. వాళ్ళు కొలిచారు, నేనూ కొలుస్తాను. ఇంకో ఉదాహరణ చెబుతా. నిస్సాన్ ఎస్13 సిల్వియాకు జపాన్‌లో 1991 నుంచి ఎస్‌ఆర్20డీఈటీ టర్బో ఇంజిన్ పెట్టారు, 205 పీఎస్. అదే కారును అమెరికాలో 240ఎస్ఎక్స్ అని అమ్మినప్పుడు, పికప్ ట్రక్కుల్లో వాడిన 2.4 లీటర్ల ఇంజిన్ ఇచ్చారు. ఇక్కడి కుర్రాళ్ళు జపాన్ నుంచి ఎస్‌ఆర్20 తెప్పించి పెట్టుకున్నారు. ఇంజిన్ గది దానికోసం సిద్ధంగానే ఉంది. అది కారును చెరిపినట్టా, దానికి దక్కాల్సింది దక్కించినట్టా?

బాబాయి: దక్కించినట్టే. దాన్ని నేను కాదనను. కానీ అదే దారిలో కొన్ని అడుగులు వేస్తే మాజ్డా ఆర్ఎక్స్-7 దగ్గరికి వస్తాం. పిస్టన్లు లేని రోటరీ ఇంజిన్ కోసం మాజ్డా దశాబ్దాలు తపించింది. 1991లో లె మాన్స్ 24 గంటల రేసును నాలుగు రోటర్ల 787బీతో గెలిచింది. ఎఫ్‌డీ తరం ఆర్ఎక్స్-7 బానెట్ అంత కిందికి ఉండటం, ఇంజిన్ ముందు ఇరుసుకు వెనగ్గా కూర్చోవడం, ఇవన్నీ రోటరీ చిన్నది కాబట్టి కుదిరినవి. దాన్ని పీకేసి అమెరికన్ ఎల్ఎస్ వీ8 పెడుతున్నారు. బాగా నడుస్తుంది, కాదనను. కానీ ఆ కారు ఉనికికి కారణమే బయటికి పోయింది.

అమ్మాయి: ఆర్ఎక్స్-7 విషయంలో నేనూ మీ వైపే. రోటరీ లేని ఎఫ్‌డీ నాకూ వద్దు. కానీ రోటరీలోని ఎపెక్స్ సీళ్ళు అరిగి, బాగుచేయించే స్తోమత లేక, టార్పాలిన్ కింద వదిలేసిన బండికి మూడో దారి ఏది? తుక్కు కావడం కంటే వీ8తో రోడ్డు మీద ఉండటం మేలు కదా. మన ఏఈ86 సంగతి అసలే వేరు. దీని గొప్పతనం ఇంజిన్‌లో లేదు. తేలిక బాడీ, వెనక చక్రాల నడక, చేతికి అందే స్టీరింగ్ దీని గొప్పతనం. 'ఇనిషియల్ డీ' మాంగా ఈ కారును ప్రపంచమంతా తిప్పింది. ఆ కథలో కూడా అసలు ఇంజిన్ పేలిపోతే రేసు ఇంజిన్ ఎక్కిస్తారు. కారు అదే కారుగా నిలిచింది.

బాబాయి: ఆ రేసు ఇంజిన్ కూడా 4ఏ-జీఈనే.

అమ్మాయి: నిజమే. మరి టొయోటా 2023 టోక్యో ఆటో సెలూన్‌లో రెండు ఏఈ86లు చూపించింది కదా? ఒకదాంట్లో ఇంజినే లేదు, ఎలక్ట్రిక్ మోటారు పెట్టి గేర్ రాడ్డు మాత్రం ఉంచారు.

బాబాయి: రెండోదాన్ని ఎందుకు దాటేశావు? దాంట్లో పాత ఇంజిన్‌నే ఉంచి, హైడ్రోజన్‌తో మండేలా మార్చారు. ఆ రెండు బండ్లూ పక్కపక్కనే నిలబెట్టడంలోనే ఈ ప్రశ్నకు ఒకే జవాబు లేదన్న ఒప్పుకోలు ఉంది. మరి అదే టొయోటా 2020 నుంచి పాత సుప్రాల విడిభాగాలు మళ్ళీ తయారు చేస్తోంది. 86కూ కొన్ని భాగాలు వచ్చాయి. నిస్సాన్ 2017లోనే ఆర్32 జీటీ-ఆర్‌కు ఆ పని మొదలుపెట్టింది. కంపెనీలే పాతవాటిని నిలబెడదామని చూస్తుంటే మనం కోతకు తొందరపడటమెందుకు?

అమ్మాయి: ఆ భాగాలు నేనూ కొంటాను. దొరికినవాటితో సస్పెన్షన్, బ్రేకులు కొత్తగా చేస్తాను. ఎస్‌ఆర్5కు ఇంజిన్ మాత్రం అక్కడ దొరకదు.

బాబాయి: సస్పెన్షన్ అన్నావు కాబట్టి నా రంగంలోకి వచ్చావు. ఎంత దించుతావు?

అమ్మాయి: ఒక అంగుళం. రెండు అంగుళాలు దించుదామని మొదట అనుకున్నాను.

బాబాయి: రెండు ఎందుకు మానుకున్నావో చెప్పు.

అమ్మాయి: మెక్‌ఫర్సన్ స్ట్రట్ బండిని దించితే లోయర్ ఆర్మ్ చక్రం వైపు పైకి లేస్తుంది. బాడీ రెండు అంగుళాలు దిగితే బరువు కేంద్రం కూడా అంతే దిగుతుంది. రోల్ సెంటర్, అంటే బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది, మాత్రం అంతకంటే ఎక్కువ దిగిపోతుంది. ఆ రెంటి మధ్య దూరం పెరిగి, అవే స్ప్రింగులతో మలుపులో బండి ఇంకా ఎక్కువ ఒరుగుతుంది. దాన్ని ఆపడానికి గట్టి స్ప్రింగులు వేస్తే టైరు రోడ్డును వదిలి ఎగురుతుంది. స్ట్రట్ కింద స్పేసర్లు పెట్టి ఆర్మ్ కోణం సరిచేయాలి. వెనక ఇరుసును పక్కకు జరగకుండా పట్టుకునే ప్యాన్‌హార్డ్ రాడ్డు కూడా, బండి దిగితే ఇరుసును ఒక పక్కకు నెడుతుంది. సర్దుబాటు చేయగల రాడ్డు వేస్తాను.

బాబాయి: నా ఉద్యోగంలో కొత్తగా చేరిన కుర్రాళ్ళకు ఈ ఒక్క సంగతి ఒంటబట్టడానికి చాలా కాలం పట్టేది. సరే, బ్రేకులు?

అమ్మాయి: వేగం 100 నుంచి 140కి పెరిగితే ఆపాల్సిన శక్తి దాదాపు రెట్టింపవుతుంది. డ్రమ్ములు పోతాయి. వెనక డిస్కులు, ముందు పెద్ద డిస్కులు, వాటికి తగిన మాస్టర్ సిలిండర్. ఇంజిన్ మార్చకముందే ఇవన్నీ.

బాబాయి: ఆ వరుస తప్పకూడదు. చాలామంది ముందు ఇంజిన్ ఎక్కిస్తారు, డబ్బు అయిపోతుంది, బ్రేకులు "తర్వాత" అంటారు. పాత మండువా ఇంటి మీద ఇంకో అంతస్తు వేసి పునాది సంగతి తర్వాత చూద్దామన్నట్టు. ఇంకో మాట. ఇక్కడ టెక్సస్‌లో 2025 జనవరి నుంచి సొంత కార్లకు భద్రతా తనిఖీ ఎత్తేశారు. పాతికేళ్ళు దాటిన బండికి పొగ పరీక్ష కూడా లేదు. నువ్వు ఏం చేసినా ఎవరూ బానెట్ ఎత్తి చూడరు. జపాన్‌లో వేరే రకం ఇంజిన్ ఎక్కిస్తే కాగితాలు, బలాల లెక్కలు చూపి తనిఖీ నెగ్గాలి. కాలిఫోర్నియాలో కొత్తగా పెట్టే ఇంజిన్ ఆ కారు కంటే పాతది కాకూడదు, దాని పొగ నియంత్రణ సామాను అంతా వెంట రావాలి. మన భారతదేశంలో మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. నీకు అడ్డు చెప్పేవాడు లేడు. ఎదురుగా కుటుంబంతో వచ్చే మనిషికి మాత్రం నీ వెల్డింగ్ మీద నమ్మకం ఉండాలి.

అమ్మాయి: అందుకే నాకు కాలిఫోర్నియా నిబంధన నచ్చింది బాబాయ్. ఇక్కడ అడగకపోయినా అదే పాటిస్తాను. క్యాటలిటిక్ కన్వర్టర్, ఆక్సిజన్ సెన్సర్లు, కంప్యూటర్ అన్నీ టీఎస్ఎక్స్ నుంచి వస్తాయి. 1986 కార్బ్యురేటర్ కంటే శుభ్రమైన పొగ వదిలే బండి అవుతుంది. పాతదాన్ని ఉన్నట్టే ఉంచితే దాని పొగనూ ఉన్నట్టే ఉంచినట్టు కదా?

బాబాయి: ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఒప్పుకుంటున్నా. అయితే నా షరతులు విను. ఒకటి, క్రాస్‌మెంబర్, టన్నెల్, ఫైర్‌వాల్, వీటి మీద కటింగ్ వీల్ పెట్టకూడదు. టన్నెల్‌లో పట్టని గేర్‌బాక్స్ ఎంత మంచిదైనా అది ఈ బండికి కాదు, పట్టేదాన్ని వెతుకు. రెండు, మౌంటింగులన్నీ ఉన్న రంధ్రాలకే బోల్టులతో బిగించాలి. మూడు, 4ఏ-సీ, పాత ఇరుసు, డ్రమ్ములు నూనె రాసి దాచాలి. రేపు ఇంకెవరో దీన్ని మళ్ళీ ఎస్‌ఆర్5గా చేయాలనుకుంటే చేతనైనట్టు ఉండాలి.

అమ్మాయి: మొదటి షరతుతో నాకు ఆలస్యం, ఖర్చు. నాకు నచ్చిన గేర్‌బాక్స్ టన్నెల్‌లో పట్టదు. అయినా ఒప్పుకుంటాను. ఎందుకో చెప్పమంటారా? కోయకుండా కుదర్చాలంటే ఆ కారును గీసినవాళ్ళు ఏ మిల్లీమీటరును దేనికి వాడారో నేను తెలుసుకోవాలి. కోసేస్తే ఆ అవసరమే ఉండదు. వాళ్ళ ఆలోచన ఈ రేకులో ఉందన్నారే, దాన్ని చదవడానికి నాకున్న దారి ఇదే. అద్దాల గదిలో పెడితే చదవలేను.

బాబాయి: ఆ చదువు నీకు అబ్బితే సంతోషమే. కానీ నా అభిప్రాయం మారలేదు. నేనైతే 4ఏ-జీఈ కోసం ఎన్నాళ్ళైనా ఆగేవాణ్ణి. ఇంకా చెబుతున్నా, ఎస్‌ఆర్5 తుక్కులోంచి వచ్చింది కాబట్టి నీకు ఈ వెసులుబాటు. రేపు ఎస్20 ఇంజిన్ ఉన్న నిస్సాన్ ఫెయిర్‌లేడీ జెడ్432 లాంటిది, నాలుగు వందల చిల్లర మాత్రమే పుట్టినది, చేతికి వస్తే ఈ వాదన పనికిరాదు.

అమ్మాయి: దాని స్పానర్ కూడా మీకే ఇస్తాను బాబాయ్. అరుదైనది అందరి సొత్తు. నేను దానికి కావలిదాన్ని మాత్రమే. వేలల్లో పుట్టి, అనాథగా మిగిలి, ఇంజిన్ పట్టేసిన బండి మీద మాత్రం దాన్ని నడిపే మనిషికి హక్కుంది. ఆ హక్కు వెనక్కి తిప్పుకోగలిగినంత మేరకే. ఇంతవరకూ నేనూ వచ్చాను.

బాబాయి: అయితే ఇంజిన్ ఎక్కించే ముందు నాలుగు చక్రాల కింద నాలుగు తూకాలు పెట్టు. ఇప్పుడు ఏ చక్రం మీద ఎంత బరువుందో రాయి. ఎక్కించాక మళ్ళీ తూచి పక్కనే రాయి. బరువు పెద్దగా పెరగదన్నావు కదా, ఎంతో చూద్దాం. ప్రతి మౌంటింగ్‌కూ బొమ్మ గీసి, కొలతలు వేసి, ఆ పుస్తకం కారులోనే ఉంచు. ఆ రెండు తూకాల కాగితం నాకు చూపించు. ముందు చక్రాల మీద బరువు ఎక్కడ పెరిగిందో చూశాక స్ప్రింగుల లెక్క నేను వేస్తాను. కే24 తగదని అప్పుడు కూడా అంటాను. కానీ ఆ మాట నీ అంకెలు చదివి అంటాను.